ఇన్సూరెన్స్ ఉందిగా!

కారుకి చిన్న సొట్ట పడితే చాలు, ఇంట్లో అందరి నోటా ఒకటే మాట. "ఇన్సూరెన్స్ ఉందిగా, క్లెయిమ్ చేసేస్తే పోలా!" ఈ మాట మీద నాకు చాలా కోపం ఉంది. ఎందుకో చెప్తాను. ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను.

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రివర్స్ తీస్తూ స్తంభానికి తగిలించాను. వెనక బంపర్ మూల నొక్కుకుపోయింది, ఎడమవైపు వెనక డోర్‌కి సొట్ట పడి రంగు లేచింది. నలభై దాటాక నేర్చుకున్న డ్రైవింగ్ నాది. నాకు దెబ్బ తగల్లేదు కానీ గుండె మాత్రం దడదడలాడింది. కారు ఏమైందోనని కాదు, ఇంట్లో ఏమంటారోనని.

అనడం మొదలైంది కూడా. అత్తయ్య "దిష్టి తగిలింది, నిమ్మకాయలు మార్చండి" అన్నారు. ఆవిడే నయం. మా ఆయన ఏమీ అనకుండా సొట్ట చుట్టూ రెండుసార్లు తిరిగి నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు కంటే తిట్టినా బాగుండేది. ఇంతలో మా మరిది ఫోన్. "వదినా, ఏటా అన్ని వేలు కడుతున్నాం కదా. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు రాబట్టుకుంటాం? క్లెయిమ్ చేసెయ్యండి."

నిజం చెప్పనా? ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన జేబులోంచి రూపాయి పోదు, నా తప్పు మాఫీ అయిపోతుంది! మనలో చాలామంది క్లెయిమ్‌కి సరే అనేది ఇందుకే. లెక్క చూసి కాదు, మాట పడకుండా ఉండటానికి.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. రెండూ కలిపి 7,500 అవుతుందన్నాడు అక్కడి అబ్బాయి. కారు చుట్టూ తిరిగి చూసి, "మేడమ్, ముందు బంపర్ మీద కూడా గీతలున్నాయి. అవీ ఇందులోనే కలిపేద్దాం. ఒక్క క్లెయిమ్‌తో బండి కొత్తదైపోతుంది" అన్నాడు. ఆ ముందు గీతలు మా ఆయన చేతి పని. పోయిన దసరాకి ఎక్కడో గోడకి రాసుకొచ్చి మౌనవ్రతం పట్టారు. ఇప్పుడు కూడా పైకప్పు వంకే చూస్తున్నారు.

ఆ అబ్బాయి కాగితం నా ముందు పెట్టాడు. ప్రమాద సమయంలో బండి నడిపినవారి పేరు, లైసెన్స్ నంబరు, ప్రమాదం ఎలా జరిగింది, సంతకం. అంటే ఒకే స్తంభాన్ని వెనక నుంచీ, ముందు నుంచీ గుద్దిన ప్రజ్ఞావంతురాలిని నేనేనని నా చేత్తో రాసివ్వాలన్నమాట! "అందరూ చేసేదే మేడమ్" అన్నాడు. అందరూ చేస్తారేమో. అది అబద్ధమని తేలితే కంపెనీ క్లెయిమ్ మొత్తం కొట్టిపారెయ్యచ్చు. అప్పుడు అబద్ధం ఆడిన పేరు ఎవరిది? నాది. రేపు చెప్తానని లేచి వచ్చేశాను.

ఆ రాత్రి బీరువాలో పట్టుచీరల కింద ఉన్న పాలసీ కాగితాలు తీశాను. ఐదేళ్లుగా అవి అక్కడే ఉన్నాయి, ఒక్కసారీ చదవలేదు. చదివాక తెలిసింది నాకు. మనం పోపుల డబ్బాలో డబ్బులు దాచుకున్నట్టు, క్లెయిమ్ చెయ్యని ప్రతి ఏడాదికీ ఆ పాలసీలో మనకో తగ్గింపు పోగవుతుంది. దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. మొదటి ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతం, రెండేళ్లయితే 25, మూడైతే 35, నాలుగైతే 45, ఐదైతే 50 శాతం. ప్రీమియం మొత్తం మీద కాదు, మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం మీద. చట్టప్రకారం తప్పనిసరైన థర్డ్ పార్టీ భాగానికి ఈ తగ్గింపు ఉండదు. ఒక్క క్లెయిమ్ చేశామా, డబ్బా బోర్లించినట్టే. మళ్లీ సున్నా నుంచి మొదలు.

మా లెక్క చెప్తాను, మీ కాగితాలు పక్కన పెట్టుకుని చూడండి. మాకు తగ్గింపు లేకుండా ఆ భాగం 8,000. మేం నాలుగేళ్లు క్లెయిమ్ చెయ్యలేదు, ఇది ఐదో ఏడు. ఇదీ గడిస్తే వచ్చే ఏడు నుంచి సగమే, 4,000 కడితే చాలు. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు పూర్తిగా 8,000, ఆ పైన వరసగా 6,400, 6,000, 5,200, 4,400. ఏటా 4,000 పోయే చోట అదనంగా కట్టేది మొత్తం 10,000! కారు పాతబడే కొద్దీ విలువ తగ్గి ప్రీమియం కాస్త తగ్గుతుంది కాబట్టి ఓ వెయ్యో రెండు వేలో తగ్గించుకోండి. జీఎస్టీ మాత్రం వేరే.

పోనీ 7,500 అంతా కంపెనీ ఇస్తుందా? ఇవ్వదు. 1,500 సీసీ లోపు కారైతే ప్రతి క్లెయిమ్‌లోనూ మొదటి 1,000 మనదే. ప్లాస్టిక్ భాగాలు మారిస్తే, జీరో డిప్ తీసుకోనివాళ్లకి ఖరీదులో సగం కోత. మాకది లేదు. అన్నీ పోగా చేతికొచ్చేది 5,000. ఐదు వేల కోసం పదివేలు! ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అంటే ఇదే కదా.

మా మరిది అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి. "కట్టింది రాబట్టుకోవద్దా?" వద్దు. తాళం కొన్నాం కాబట్టి ఇంట్లో దొంగలు పడాలని కోరుకుంటామా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లూ బళ్లూ మునిగిపోయాయి. ఇన్సూరెన్స్ అలాంటి రోజు కోసం. బండి పోయినప్పుడు, నుజ్జయినప్పుడు, మన జేబు మొయ్యలేని ఖర్చు వచ్చినప్పుడు నిస్సంకోచంగా క్లెయిమ్ చెయ్యండి. ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే పోలీసులకీ కంపెనీకీ వెంటనే చెప్పండి, అక్కడ దాపరికం కూడదు. బోనస్ పోకుండా కాపాడే అదనపు కవర్ ఉన్నవాళ్ల లెక్క కూడా వేరు. నా గొడవంతా సొట్టల గురించి, గీతల గురించి.

పొద్దున్నే లెక్క రాసిన కాగితం కాఫీ కప్పు పక్కన పెట్టాను. మా ఆయన రెండుసార్లు కూడి చూసుకున్నారు. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. "కాగితాలు మీరే దాచారు కదండీ, నాకెప్పుడు చూపించారు?" అన్నాను. అదీ అసలు సంగతి. పాల లెక్క, చిట్టీ లెక్క, పిల్లల ఫీజుల లెక్క మనదగ్గరే ఉంటాయి. కారు పాలసీ దగ్గరకొచ్చేసరికి అది మగవాళ్ల వ్యవహారం అయిపోతుంది. సంతకం పెట్టాల్సినప్పుడు మాత్రం మనం గుర్తొస్తాం. పేరు మనది అయినప్పుడు లెక్కా మనమే చూడాలి. తప్పు చేశామని తలొంచుకుని ఏ కాగితం మీద పడితే ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు.

ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింటింగ్ కలిపి 3,800 అయింది. నా పోపుల డబ్బాలోంచి నేనే ఇచ్చాను, ఆ సొట్ట నాది కాబట్టి.

ముందు బంపర్ మీది గీతలు అలాగే ఉన్నాయి. మొన్న మా మరిది వచ్చినప్పుడు వాటిని చూసి "ఇవి కూడా వదినేనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అన్నారు, "కాదురా, నేనే."