ఇంగ్లీషు ముచ్చటలు: "టేక్" అను క్రియ

గత మాసమున మా యింటికి వచ్చిన యొక చుట్టపుటిల్లాలు, తన యత్తగారికి వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రల పెట్టెను మాకు జూపినది. దానిపై నంటించిన కాగితమున "టేక్ విత్ ఫుడ్" అని యుండెను. ఆమె యింగ్లీషు చదువుకొన్నదే. "ఫుడ్" అనగా అన్నము, "విత్" అనగా తోడ; కావున నాలుగు దినములుగా మాత్రను నూఱి పెరుగన్నములో కలిపి పెట్టుచున్నదట. ముసలమ్మగారు చేదని పళ్లెము త్రోసివేయుచున్నారని యామె బాధ. ఆ మాటలకు భోజనసమయమున మ్రింగుమని యర్థము గాని, భోజనములో కలుపుమని కాదు. కొన్ని మాత్రలపై నుండు పూత, మందు కడుపులో గాక ప్రేగులలో కరగుటకై వేసినది. నూఱినచో నా పూత వలని ప్రయోజనము చెడును. వెంటనే వైద్యుని నడిగి తెలిసికొమ్మంటిమి. ఈ మాసము "టేక్" గూర్చియే వ్రాయవలెనని యప్పుడే నిశ్చయించుకొంటిమి.

బడిలో దీనికి "తీసికొనుట" యని నేర్పుదురు. తప్పు గాదు, చాలదు. ఈ మాట యింగ్లీషువారి సొంతసొత్తును గాదు. సుమారు వేయి సంవత్సరముల క్రిందట సముద్రము దాటి వచ్చి యింగ్లండున స్థిరపడిన స్కాండినేవియావారి "టాకా" యను క్రియ యిది. అంతకు మున్ను ఇంగ్లీషువారు "నిమన్" అనుచుండిరి. క్రొత్తకోడలు ఇల్లంతయు చక్కబెట్టుకొనగా పాతమాట మూలబడినది. చేయి తిమ్మిరెక్కి స్పర్శ తెలియనప్పుడు వారు "నమ్" అందురుగదా, అది యా పాతక్రియ మిగిల్చిన జాడయే. స్పర్శ తీసికొనబడినదని భావము.

మందుల విషయమున "టేక్" అనగా లోనికి పుచ్చుకొనుట. పూర్వమింగ్లండులో విషద్రవ్యముల సీసాలపై "నాట్ టు బి టేకెన్" అని గాజులోనే అచ్చుపోసెడివారు. ఆరు పలకలుగా, ఒంటినిండ గీతలతో, నీలిరంగు లేక ఆకుపచ్చ గాజుతో చేసిన సీసాలవి. చీకటిలో చేతికి తగిలినను విషమని తెలియుటకై యట్లు చేసిరి. ఆ యక్షరములను "తీసికొనిపోరాదు" అని చదువుకొన్నవారికి వానివలన నేమి రక్షణము? మన దేశమునను 1945 నాటి ఔషధ నియమముల ననుసరించి, వైద్యుని పర్యవేక్షణము లేక "టేక్" చేయుట యపాయకరమను హెచ్చరిక కొన్ని మందులపై ముద్రింపబడును. ఒంటికి రాయు ద్రవములపై "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" యని యుండును. పైపూతకే యని దాని యర్థము. "టేక్ ఆన్ ఆన్ ఎంప్టీ స్టమక్" అనగా పరగడుపున మ్రింగుట.

ఇక నీ క్రియ వెంట చిన్నమాట యొకటి చేరినచో నర్థము గిఱ్ఱున తిరుగును. "టేక్ ఇన్" చూడుడు. దర్జీ రవికను "టేక్ ఇన్" చేసినచో కుట్టువేసి బిగించినాడు. ఇల్లాలు దిక్కులేని పిల్లను "టేక్ ఇన్" చేసినచో నింట నాశ్రయమిచ్చినది. ఎవడో తీపిమాటలతో మనల "టేక్ ఇన్" చేసినచో మోసపుచ్చినాడు! కూతురు తల్లిని "టేక్ ఆఫ్టర్" చేసినదనిన తల్లి పోలిక వచ్చినదని గాని, తల్లి తరువాత నేదో తీసికొన్నదని గాదు. "టేక్ ప్లేస్" అనగా జరుగుట. దానిని స్థలము ఆక్రమించుటగా తెనిగించిన పిల్లవానిని మేమెఱుగుదుము.

నవ్వనక్కఱలేదు. మన "పట్టు" క్రియ యంతకు తీసిపోదు. నిద్ర పట్టును, తుప్పు పట్టును, పెండ్లిపనికి పది దినములు పట్టును. ఈ చివరిచోట మాత్రము రెండు భాషలు చేయి కలుపును: ఎంతసేపు పట్టునని మనమడుగుచోట వారు "టేక్" అందురు. పొరుగింటికి కూరగిన్నె పంపునప్పుడు మాత్రము "బ్రింగ్" అనరాదు. ఇటు తెచ్చుట "బ్రింగ్", అటు తీసికొనిపోవుట "టేక్". అతిథిని "టేక్ కాఫీ" యనుట తప్పు గాకపోయినను, ఇంగ్లీషువారు నేడు "హావ్" అనుటయే యెక్కువ.

గతకాలమున "టుక్", "హావ్" తరువాత "టేకెన్". పిల్లలు "ఐ హావ్ టుక్" అని వ్రాసినచో దిద్దుడు.

పై యిల్లాలు మొన్న ఫోను చేసినది. ఆ మాత్ర నూఱదగినది కాదనియే వైద్యుడు చెప్పెనట. అత్తగారిప్పుడు నాలుగు ముద్దలు తిని, మంచినీళ్లతో మ్రింగుచున్నారు. పెరుగన్నము మరల రుచించుచున్నదట.