శరీర సాధకము: ఆ ‘కొంచెము’ సంగతి

ఏటా ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారకముందే హైదరాబాదు నెక్లెస్ రోడ్డు జనంతో నిండిపోతుంది. అక్కడి నుండి మొదలయ్యే మారథాన్‌లో వేలాదిమంది పాల్గొంటారు. విశాఖ సముద్రతీరాన జరిగే నేవీ మారథాన్ కూడా ఆదివారమే. పరుగెత్తేవారిలో మన సంఘాల యౌవనస్థులూ ఉంటున్నారు. ఆ ఉదయం గుడిలో వారి చోటు ఖాళీగా కనబడుతుంది. “దేవుని కంటే పరుగు ఎక్కువైందా?” అని పెద్దలు అడుగుతారు. “ఒళ్లు చూసుకోవడం కూడా తప్పేనా?” అని పిల్లలు అడుగుతారు. రెండు ప్రశ్నల్లోనూ న్యాయం ఉంది గనుక వాక్యపు వెలుగులో వీటిని ఆలోచించాలని మా కోరిక.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా మన పెద్దలు 1 తిమోతి 4:8 తెరుస్తారు. శరీర సాధకము వలన ప్రయోజనం కొంచెమేనని, దైవభక్తి ఇహపరాలు రెండింటికీ పనికొస్తుందని పౌలు అక్కడ చెబుతాడు. ఆ ‘కొంచెము’ను మనం ‘ఏమీ లేదు’ అని చదవడానికి అలవాటుపడ్డాం. పౌలు అలా అనలేదు. అదే పత్రిక 5:23లో తిమోతి కడుపు జబ్బు గురించి తండ్రిలా సలహా ఇచ్చాడు. కొరింథు దగ్గర రెండేళ్లకోసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి. గెలిచినవానికి దక్కేది వాడిపోయే ఆకుల కిరీటమే. అయినా దానికోసం పోటీదారులు పాటించే మితాన్ని పౌలు విశ్వాసికి మాదిరిగా చూపించాడు (1 కొరింథీ 9:24-27). పరుగు పనికిరానిదైతే దానితో ఆత్మీయ జీవితాన్ని పోల్చి ఉండేవాడా?

ఇప్పుడు మన స్థితి చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్లమంది దాని అంచున ఉన్నారని అవి అంచనా వేశాయి. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం వంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022లో మన దేశపు పెద్దవారిలో దాదాపు సగంమంది ఆ మాత్రం కూడా చేయలేదని అదే సంస్థ 2024లో ప్రకటించింది. స్త్రీలలోనైతే ఇది 57 శాతం.

ఈ అంకెలు గుడి గుమ్మం దగ్గర ఆగిపోవు. ప్రార్థన మనవుల చీటీలు చదివితే షుగరు, బీపీ, మోకాళ్లు, గుండె. స్వస్థత కోసం కన్నీళ్లతో ప్రార్థిస్తాం, ఆమెన్ అనగానే బిర్యానీ, కేకు, చక్కెర దట్టంగా వేసిన టీ అందుకుంటాం. సేవకుల సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి కూటం ముగిసేసరికి పదకొండు దాటుతుంది, విశ్వాసుల ఇంట ప్రేమతో వడ్డించిన విస్తరిని కాదనలేం. మేమూ ఇందుకు మినహాయింపు కాదు. దేహము పరిశుద్ధాత్మకు ఆలయమనే మాటను సారా, సిగరెట్ల మీద ప్రసంగించడానికే వాడి, మన పళ్లెం మీదికి రానివ్వకపోవడం మన లోపమే.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మన పల్లె సంఘాల్లో చాలామంది కూలి పనివారు. పొద్దంతా నడుము వంచి నాట్లు వేసిన సహోదరికి వ్యాయామం గురించి బోధిస్తే అది దయలేని బోధ అవుతుంది. ఆమెకు కావలసింది కడుపునిండా మంచి భోజనం, వైద్యం, విశ్రాంతి. విశ్రాంతి దినాన్ని నియమించిన దేవుడు దాసుని, దాసిని కూడా పేరుపెట్టి జ్ఞాపకం చేసుకున్నాడు. శరీరాన్ని గౌరవించడమంటే కూర్చునేవారిని లేపి నడిపించడం, అలసినవారిని కూర్చోబెట్టడం కూడా.

ఇక ఆదివారం సంగతి. స్కాట్లండు మిషనరీల కుమారుడు ఎరిక్ లిడెల్ పేరు చాలామందికి తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల తొలి పోటీలు ఆదివారం పడ్డాయని ఆయన వాటి నుండి తప్పుకొన్నాడు. 400 మీటర్లకు సాధన చేసి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడు చైనాకు సేవకుడిగా వెళ్లాడు. ప్రసంగాల్లో కథ సాధారణంగా ఇక్కడితో ముగుస్తుంది. మిగతాది కూడా చెప్పుకోవాలి. 1943లో జపాను సైన్యం ఆయనను వైషిన్ శిబిరంలో నిర్బంధించింది. తల్లిదండ్రులకు దూరమైన పిల్లలు కూడా అక్కడ ఉన్నారు. ఆయన వారికి పాఠాలు చెప్పాడు, ఆటలు నేర్పాడు. ఆదివారం మాత్రం ఆడించేవాడు కాదు. అజమాయిషీ లేక ఆ రోజు పిల్లలు ఆటలో కొట్టుకుంటున్నారని తెలిసినప్పుడు, ఆయనే వెళ్లి ఆదివారం హాకీ ఆటకు రిఫరీగా నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరి 21న మెదడులో కణితితో 43వ యేట ఆ శిబిరంలోనే ప్రభువునందు నిద్రించాడు.

తన పతకం కోసం ఆదివారాన్ని వదులుకోని మనిషి, ఇతరుల పిల్లల కోసం తన నియమాన్ని సడలించుకున్నాడు. ఈ వివాదంలో మాకు కనబడే కొలబద్ద ఇదే. యౌవనస్థులారా, ఏడాదికి ఒక ఆదివారం పరుగు వేరు, ప్రతి ఆదివారం పరుగు బృందంతో గడిపి సహవాసాన్ని మానివేయడం వేరు (హెబ్రీ 10:25). మీ కాళ్లకు క్రమశిక్షణ నేర్పినట్టే మీ ఆదివారానికీ నేర్పండి. సంఘపెద్దలారా, పరుగెత్తిన పిల్లవాడిని వేదిక మీద నుండి దెప్పకండి. సాయంత్రపు ఆరాధన ఉంటే రమ్మని పిలవండి, లేకపోతే ఒకటి ఏర్పాటు చేయండి. మన గుడి ఆవరణలు వారమంతా తాళాలు వేసి ఉంటాయి. సాయంత్రం ఒక గంట గేటు తీస్తే, వీధిలో నడవడానికి జంకే స్త్రీలు అక్కడ ధైర్యంగా నడుస్తారు. సంఘ భోజనంలో ఒక తీపి తగ్గించి ఒక కూర పెంచడానికి కమిటీ తీర్మానం కూడా అక్కరలేదు.

పరుగుకూ ఒక శోధన ఉంది. చేతి గడియారంలో అడుగులు లెక్కపెట్టుకుంటూ, అద్దంలో ఒళ్లు చూసుకుని మురిసిపోతే అదీ విగ్రహమే. మంచం పట్టినవారు, నడవలేనివారు దేవుని దృష్టిలో తక్కువవారు కారు. మన సంఘంలోనూ కాకూడదు. ఈ దేహం ప్రభువుది, కొంతకాలం మన చేతికి అప్పగించాడు. దాని విషయంలో పౌలు చెప్పిన ‘కొంచెము’ను ఈ వారం నుండే నమ్మకంగా చేద్దాం. కొంచెములో నమ్మకంగా ఉన్నవారిని మన ప్రభువు ఏమని పిలుస్తాడో మనకు తెలుసు.