దుప్పటి కొనుటకు ముందు



పెండ్లిండ్ల దినములు వచ్చినవంటే మన పల్లెలలో మంచము, పరుపు, దుప్పట్లు కొనుట తప్పదు. మహమ్మద్‌నగర్ చుట్టుప్రక్కల కుటుంబములవారు ఇందుకొరకు ఎల్లారెడ్డికో, బాన్సువాడకో, కామారెడ్డికో వెళ్లుదురు. లేదా అంగడిలో విప్పిన మూటలోనుండి రెండు ఏరుకొందురు. చీర కొనునప్పుడు గంటసేపు చూచువారు దుప్పటి దగ్గర రంగును, పువ్వును మాత్రమే చూతురు. అయితే చీర పండుగకు కట్టుకొనునది, దుప్పటి ప్రతి రాత్రి ఒంటికి తగులునది. పగలంతా పొలములో వంగి పనిచేసినవాని నిద్ర, బాలింత నిద్ర, మంచము పట్టిన ముసలి తల్లి నిద్ర దానిమీదనే. గనుక ఈ నెల దుప్పటిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

దుకాణములో ముట్టుకొనగానే కరకరలాడు దుప్పట్లన్నియు మంచివి కావు. ఆ కరకర రెండు విధములుగా వచ్చును. ఒకటి నేతవలన, రెండవది గంజివలన. నేతవలన వచ్చినది ఎన్ని ఉతుకులకైనను నిలుచును. గంజివలన వచ్చినది మొదటి బకెట్ నీళ్లలోనే కరిగిపోవును, తరువాత జల్లెడవంటి బట్ట మన చేతిలో మిగులును. మనము డబ్బు ఇచ్చుచున్నది నేతకా, గంజికా? కొనువారు వేసికొనవలసిన మొదటి ప్రశ్న ఇదే.

నేతవలన కరకరలాడు దుప్పట్లలో పేరుగలది పర్కేల్. ఇప్పుడు పట్టణపు దుకాణములలో పొట్లముమీద ఈ పేరు కనబడుచున్నది. పేరు క్రొత్తగా ఉన్నను నేత క్రొత్తది కాదు. పడుగు దారము ఒకటి పైన, పేక దారము ఒకటి క్రింద, మరల ఒకటి పైన, ఒకటి క్రింద. ఇది మన మగ్గముల సాదా నేతయే. దువ్వి పొట్టి పోగులు తీసివేసిన సన్నని నూలుతో, దారములను దగ్గరగా నేసినప్పుడు అది పర్కేల్ అగును. 17, 18 శతాబ్దములలో ఈ బట్ట మన దేశమునుండే ఐరోపాకు ఓడలలో వెళ్లెడిది. ఆ తరువాతనే ఫ్రాన్సువారు తమ దేశములో నేయసాగిరి.

దీని ప్రక్కనే శాటిన్ నేత దుప్పట్లును అమ్ముదురు. అందులో దారము నాలుగింటిమీదుగా పోయి ఒకదాని క్రిందకు దిగును. నిగనిగలాడును, మెత్తగా ఉండును, కాని వెచ్చగా ఉండును, దారములు త్వరగా పీకుకొనును. చైత్ర వైశాఖముల ఉక్కలో మన రేకుల ఇండ్లకు సాదా నేతయే మేలు. దానిలో గాలి ఆడును, చెమట పీల్చుకొనును.

ఇక పొట్లముమీద 200, 400, 600 అని అంకెలుండును. ఒక చదరపు అంగుళములో పడుగు దారములు, పేక దారములు కలిపి ఎన్ని ఉన్నవో ఆ అంకె చెప్పును. సాదా నేతకు 180 నుండి 300 వరకు చాలును. అంతకు మించి పెద్ద అంకె చూచినప్పుడు కొంచెము ఆగుడి. రెండు పోగులు కలిపి పేనిన దారమును రెండుగా లెక్కవేసి అంకె పెంచుట ఈ వ్యాపారములో ఉన్నదే. మీరే లెక్కింపవచ్చును. కాగితములో పావు అంగుళము చదరముగా రంధ్రము చేసి బట్టమీద పెట్టి, పిల్లల భూతద్దముతో చూచుచు గుండుసూదితో దారములు ఎంచుడి. నిలువున 25, అడ్డముగా 25 వచ్చినయెడల అది 200 దారముల దుప్పటి.

పేరును చూచి మోసపోవద్దు. 2016 ఆగస్టులో అమెరికాలోని టార్గెట్ దుకాణములవారు, మన దేశపు వెల్‌స్పన్ కంపెనీ సరఫరా చేసిన సుమారు ఏడున్నర లక్షల దుప్పట్లు, దిండు గలీబులు ఐగుప్తు ప్రత్తితో చేసినవి కావని తేల్చి, ఆ కంపెనీతో వ్యాపారము మానుకొనిరి. అంత పెద్ద దుకాణమువారికే రెండేండ్లు తెలియలేదు. కాబట్టి చీటీకంటె చేయి, కన్ను నమ్మదగినవి.

దుకాణములోనే చేయదగిన పరీక్షలు ఇవి. బట్ట కొసను రెండు చేతులతో గట్టిగా నలుపుడి. తెల్లని పొడి రాలినయెడల అది గంజి కరకర. వెలుతురుకు ఎత్తి చూడుడి. దారములు సమముగా, సందులు లేకుండ కనబడవలెను. తెల్లని చేతిరుమాలు తడిపి రంగుమీద రుద్దుడి. రంగు అంటినయెడల మీ ఇంట్లోని మిగతా బట్టలకును అంటును.

గ్లేస్ కాటన్, పాలీ కాటన్ అను పేరులుగలవాటిలో పాలిస్టరు ఉండవచ్చును. ఇంటికి తెచ్చిన తరువాత అంచునుండి ఒక దారము లాగి, పిల్లలు దగ్గర లేనప్పుడు అగ్గిపుల్లతో కాల్చి చూడుడి. నూలైతే కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులును. పాలిస్టరైతే కరిగి గట్టి పూసవలె అగును. రశీదు దాచుకొనినవారికి మార్చుకొనుట సులువు.

కొలత సంగతి మరువవద్దు. నూలు బట్ట మొదటి ఉతుకులో 3 నుండి 5 శాతము ముడుచుకొనును. మీ పరుపు పొడవు 72 అంగుళములు, మందము 5 అంగుళములు అనుకొందము. రెండు వైపుల మందమునకు 10, క్రిందికి దోపుటకు 8 కలుపగా 90 అంగుళములు కావలెను. సరిగా 90 అంగుళములది కొనినయెడల ఉతికిన పిమ్మట నాలుగున్నర అంగుళముల వరకు తక్కువ పడవచ్చును. 100 అంగుళములది కొనుట మంచిది.

ఇంటిలో మంచము పట్టినవారు ఉన్నయెడల ఇది చిన్న విషయము కాదు. కురచ దుప్పటి లేచివచ్చి ముడతలు పడును. ఆ ముడతలమీద రాత్రింబగళ్లు ఒకే ప్రక్కకు పడుకొనిన శరీరము ఒరిసి పుండ్లగును. రెండు ముక్కలు నడుమ కుట్టిన దుప్పటి వారికి వేయవద్దు. ఆ కుట్టు వీపుకు గుచ్చుకొనును. పర్కేల్‌కు ముడతలు త్వరగా పడును గనుక ఉదయము, సాయంత్రము నాలుగు కొసలు లాగి దోపవలెను.

కప్పుకొనుటకు మాత్రము మనవారు నేసిన షోలాపురం చద్దరుకు సాటిలేదు. తెలంగాణనుండి వెళ్లిన పద్మశాలి కుటుంబములు తరతరములుగా అక్కడ మగ్గముల పనిలో ఉన్నవి. అది మందపాటి నేత, చలికి కప్పుకొనునది. పరచుకొనుటకు సన్ననిది వేరుగా తీసికొనుడి. చేనేత దుప్పటి కావలెనంటే 2006లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన హ్యాండ్‌లూమ్ మార్కు చీటీని అడుగుడి. దాని నూలు కొంత ముతకగా ఉండవచ్చును గాని, ఉతికినకొలది మెత్తబడును, నేసినవాని ఇంట పొయ్యి వెలుగును.

తెచ్చినదానిని మొదట ఉతికి ఎండలో ఆరవేసి పిమ్మట పరచుడి. బ్లీచింగ్ పొడి దారమును తినివేయును. అన్నపు గంజి పలుచగా పెట్టవచ్చును. చిక్కగా పెట్టినయెడల మడతల దగ్గర దారములు తెగును, పెట్టెలో పురుగు చేరును.

300 రూపాయలదానిని ఏడాదికొకటి చొప్పున అయిదేండ్లు కొనినవాడు 1,500 ఖర్చు చేయును. 900 రూపాయలది అయిదేండ్లు వచ్చినయెడల 600 మిగులును, ప్రతి రాత్రి మంచి నిద్రయు దొరకును. కాబట్టి పెండ్లికి ఆరు పువ్వుల దుప్పట్లు పెట్టుటకంటె రెండు మంచివి పెట్టుడి. ఒకటి పరుపుమీద, ఒకటి దండెముమీద. మంచము పట్టినవారున్న ఇంటిలో మొదటిది వారి మంచముమీదనే పరచుడి.