కాలువలో కాపురం – అద్దె మిగులుద్దా?

మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్ళకి నా గురించి మొదట తెలిసేది నేను ఏ మాడ్యూల్ మీద పనిచేస్తానో కాదు, నేను పడవలో ఉంటానన్న సంగతి. తెలిసిన మర్నాడే లంచ్ దగ్గర పట్టుకుంటారు. "అన్నా, నిజంగా పడవలోనా? స్నానం ఎలా? ఇంటర్నెట్ వస్తుందా?" ఇవన్నీ అయ్యాక అసలు ప్రశ్న మెల్లగా బయటికొస్తుంది. "మరి అద్దె మిగిలినట్టేగా అన్నా?"

మొన్న ఒక కుర్రాడైతే ఏకంగా ఎక్సెల్ షీటే పట్టుకొచ్చాడు. లండన్లో సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటు అద్దె ఒక కాలమ్‌లో, సెకండ్ హ్యాండ్ నేరోబోటు ధర ఇంకో కాలమ్‌లో. మూడేళ్ళలో బోటు డబ్బులు వచ్చేస్తాయి, ఆ పైన వచ్చేదంతా లాభమేనని తేల్చేశాడు. షీటు ముచ్చటగా ఉంది, గ్రాఫు కూడా గీశాడు. మెయింటెనెన్స్ అనే కాలమ్ మాత్రం లేదు :-) పది నిమిషాల లంచ్‌లో వాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

ముందు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇంగ్లండులో కాలువలు తవ్వింది పొలాలకి నీళ్ళివ్వడానికి కాదు, బొగ్గు, పింగాణీ, పత్తి మొయ్యడానికి. మాంచెస్టరుకి బొగ్గు తెచ్చిన బ్రిడ్జ్‌వాటర్ కాలువ 1761లో తెరిచారు. దాని మీద పనిచేసిన జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరే ఆ తర్వాత ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకి లాకులు 7 అడుగుల వెడల్పు చాలని నిర్ణయించాడు. గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకి లాకులంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ లాకుల్లో పట్టాలి కాబట్టి పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు దాటకూడదు. పొడవు 70 అడుగుల దాకా ఉండొచ్చు. నాది 57 అడుగులు, ఆ సైజైతే దాదాపు దేశమంతా తిరగొచ్చు. వెడల్పు మన రైలు పెట్టెలో మూడింట రెండొంతులు. ఎప్పుడో 1760ల్లో ఒకాయన తీసుకున్న డిజైన్ డెసిషన్ వల్ల ఇవాళ నా వంటగదిలో ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఇదీ.

సరే, ఇక లెక్కలోకి వద్దాం.

బోటు అడుగు ఉక్కు రేకు. అడుగున 10 మిల్లీమీటర్లు, పక్కల 6, పైన గది గోడలకి 4 – మామూలుగా ఉండే కొలతలివి. ఉక్కు నీళ్ళలో ఉంటే తుప్పు పడుతుంది, ఇది ఎనిమిదో క్లాసు కెమిస్ట్రీ. అందుకని రెండు మూడేళ్ళకోసారి బోటుని డ్రై డాక్‌లో పెట్టించి, అడుగంతా కడిగి, గీకి, తారు లాంటి నల్ల పూత వెయ్యాలి. దీన్ని బ్లాకింగ్ అంటారు. బోటుకి అక్కడక్కడా మెగ్నీషియం దిమ్మలు వెల్డింగ్ చేసి ఉంటాయి. ఉక్కుకి బదులు అవి కరిగిపోతాయి. అవి అరిగిపోయినప్పుడు కొత్తవి వెయ్యకపోతే ఇక కరగాల్సింది మీ బోటే. పాత బోటుకి ఇన్సూరెన్స్ వాళ్ళు రేకు మందం కొలిపించి రిపోర్టు తెమ్మంటారు. 4 మిల్లీమీటర్ల కంటే తగ్గిందంటే ఆ పైన ఇంకో రేకు అతికించాలి. కొనేటప్పుడు ఆ సర్వే చేయించకుండా, లోపల చెక్క పని బాగుందని మురిసిపోయి డబ్బు కట్టినవాళ్ళని నేను చూశాను.

ఆ తర్వాత డీజిల్ ఇంజను. ఆయిలూ ఫిల్టర్లూ మార్చడం నేర్చుకోవాల్సిందే. నడుస్తూ నడుస్తూ బోటు ఈడ్చుకుపోతోందంటే ప్రొపెల్లర్‌కి ఏ ప్లాస్టిక్ సంచో, పాత చీర లాంటి గుడ్డో చుట్టుకుందని అర్థం. ఇంజనాపి, వెనక ఉన్న మూత తీసి, చన్నీళ్ళలో చెయ్యి పెట్టి కొయ్యాలి. డిసెంబరులో ఆ పని చేస్తే తెలుస్తుంది.

కరెంటు బ్యాటరీల నుంచి వస్తుంది. బ్యాటరీలు ఇంజను నుంచీ, సోలార్ ప్యానెళ్ళ నుంచీ ఛార్జవుతాయి. ఇంగ్లండు జనవరిలో సోలార్ అంటే ఉన్నట్టే కానీ లేనట్టే. లెడ్ యాసిడ్ బ్యాటరీలని సగం కంటే కిందకి దింపితే వాటి ఆయుష్షు పోతుంది. నీళ్ళు కావాలంటే కుళాయి ఉన్న చోటికి బోటు నడుపుకెళ్ళి గంట సేపు ట్యాంకు నింపాలి. టాయిలెట్ క్యాసెట్ నిండితే మోసుకెళ్ళి పారబోసే చోట పారబొయ్యాలి. ఈ ముక్క చెప్పగానే సగం మంది అక్కడే ఆగిపోతారు :-) చలికి బొగ్గు పొయ్యి, దానికి బూడిద ఎత్తడం, పొగగొట్టం తుడవడం, తలదగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం. నాలుగేళ్ళకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్. అది లేకపోతే లైసెన్సు రాదు. లైసెన్సు ఒక్కటే నాకు ఏడాదికి 1,200 పౌండ్లు దాటింది.

ఇంకో సంగతి. బోటుకి సొంతంగా పార్కింగ్ చోటు అద్దెకి తీసుకోవచ్చు. లండన్లో దాని ఖరీదు విన్నాక మళ్ళీ ఫ్లాటే నయమనిపిస్తుంది. అది లేనివాళ్ళు 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం ఎక్కడా 14 రోజులకి మించి ఆగకూడదు, కదులుతూ ఉండాలి. నేను ఆ జాతే. అంటే ఆఫీసుకి వెళ్ళే దారి రెండు వారాలకోసారి మారుతుంది. బ్యాంకుకీ, వీసా కాగితాలకీ అడ్రసు కావాలి, కాలువకి పిన్‌కోడ్ ఉండదు. ఇది మన ఊళ్ళో ప్లాటు లాంటిది కూడా కాదు. ఏటేటా రేటు పెరగదు. తుప్పు మాత్రం పెరుగుతుంది.

ఇదంతా డబ్బు లెక్క. నాకు అసలు పాఠం నేర్పింది డబ్బు కాదు.

నా రెండో చలికాలం, జనవరి. నాన్నకి అర్జంటుగా స్టెంట్ వెయ్యాలని గుంటూరు నుంచి ఫోనొచ్చింది. ఆ రాత్రే టికెట్ కొన్నా. 14 రోజుల నిబంధన సంగతి ట్రస్టు వాళ్ళకి మెయిల్ పెట్టా. పరిస్థితిని బట్టి ఎక్కువ రోజులు ఆగొచ్చని చట్టంలోనే ఉంది, వాళ్ళు సరేనన్నారు. పక్క బోటులో రిటైరైన పెద్దాయన ఒకాయన ఉంటే "కాస్త చూస్తుండండి" అని చెప్పి బయల్దేరా. హడావుడిలో ఫ్రిజ్ ఆపలేదు.

నాన్నకి స్టెంట్ వేసిన మూడో రోజు, హాస్పిటల్ కారిడార్లో ఉండగా ఆ పెద్దాయన ఫోను. "నీ బోటు వెనక భాగం కిందికి దిగింది. తాళం ఎక్కడ పెట్టావ్?"

జరిగిందేంటంటే – ప్రొపెల్లర్ షాఫ్టు బోటులోంచి బయటికెళ్ళే చోట స్టెర్న్ గ్లాండ్ అని ఒకటుంటుంది. దాని చుట్టూ గ్రీజు పట్టించిన తాడు బిగించి ఉంటుంది, నీళ్ళు లోపలికి రాకుండా. బోటు నడిపిన ప్రతిసారీ గ్రీజు పిడి ఒక తిప్పు తిప్పాలి. అరిగిన తాడు మార్చాలి. నాది అప్పటికి రెండు నెలలుగా చుక్క చుక్క కారుతోంది. నాకు తెలుసు. "చూద్దాంలే, ఆటోమేటిక్ పంపు ఉందిగా" అనుకున్నా. ఆ పంపు నడిచేది బ్యాటరీ మీద. ఫ్రిజ్ ఆ బ్యాటరీ తినేసింది. ఎండ లేదు, ఇంజను నడిపేవాడు లేడు. పంపు ఆగింది. చుక్కలు మాత్రం ఆగలేదు.

వెనక భాగం ఇంకాస్త దిగి, నీళ్ళు బయట ఉన్న రంధ్రాల దాకా వస్తే ఇక చుక్కలుండవు, ధారే. ఆ తర్వాత బోటు మునగడానికి ఎంతోసేపు పట్టదు. ఆయన ఆ చలిలో చేతి పంపుతో తోడి, గ్లాండు బిగించి, తన కేబుల్ తెచ్చి నా బ్యాటరీలకి ఛార్జింగ్ పెట్టాడు. తిరిగొచ్చాక నాకు అయిన ఖర్చు ఒక స్టార్టర్ మోటార్. డబ్బిస్తానంటే తీసుకోలేదు. "ఒక గ్రీజు డబ్బా కొనుక్కో" అన్నాడంతే.

మన భాషలో దీనికి రూట్ కాజ్ రాయమంటే ఏం రాస్తాం? గ్లాండా, పంపా, ఫ్రిజ్జా? నన్నడిగితే "చూద్దాంలే" అనే మాట. ఆఫీసులో ఇదే మాటని మనం టెక్నికల్ డెట్ అని గొప్పగా పిలుచుకుంటాం. లాగ్‌లో వార్నింగ్ రోజూ కనిపిస్తుంటుంది, సర్వర్ పడట్లేదుగా అని వదిలేస్తాం. తేడా ఏంటంటే ఆఫీసులో సర్వర్ పడితే రాత్రి లేవడానికి ఇంకో టీమ్ ఉంటుంది. బోటు మీద ఆ టీమ్ మీరే. మీరు ఊళ్ళో లేకపోతే పక్క బోటు పెద్దాయన.

అందుకే నా అభిప్రాయం ఇది: అద్దె మిగుల్తుందని మాత్రమే బోటు కొనొద్దు. మిగలదని కాదు. కొన్నేళ్ళు కొంత మిగలొచ్చు. కానీ మిగిలే ఆ డబ్బు జీతం లాంటిది, మీరు పనిచేస్తేనే వస్తుంది. పని మానేస్తే వడ్డీతో సహా వెనక్కి తీసుకుంటుంది. శనివారం పొద్దున లేచి ఇంజను గదిలో తలదూర్చడం మీకు కొంచెమైనా సరదా అయితేనే ఇది మీకు సరిపడుతుంది.

ఈ మాట ఒక్క బోటుకే కాదు, కాలువకీ వర్తిస్తుంది. 2012 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ళ జలమార్గాలని చూసుకునేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ. రెండొందల యాభై ఏళ్ళ నాటి గట్లు, లాకులు, సొరంగాలు. మనవాళ్ళ లెక్కలో పక్కా లెగసీ సిస్టమ్. ఇరుకు లాకు ఒక్కసారి దాటితే లక్ష లీటర్ల పైగా నీళ్ళు కిందికి పోతాయి. 2025లో వానల్లేక లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువ లాంటి చోట్ల లాకులు మూసేశారు, బోట్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. మరి ప్రభుత్వం? 2027 నుంచి పదేళ్ళకి సుమారు 40 కోట్ల పౌండ్లు ఇస్తామని 2023 జులైలో ప్రకటించింది, అదీ ఏటేటా తగ్గించుకుంటూ. ధరల పెరుగుదల కలుపుకుంటే ఇది 30 కోట్ల పైచిలుకు కోత అని ట్రస్టు అంటోంది. ఆ లోటు పూడ్చుకునే దారుల్లో ఒకటిగా, సొంత పార్కింగ్ లేని మా లాంటి బోట్లకి 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనంగా వడ్డించడం మొదలెట్టారు. 5 శాతంతో మొదలై 2028కి 25 శాతం అవుతుంది.

నేను కట్టాను, గొణుక్కుంటూనే. కుళాయిలూ, చెత్త డబ్బాలూ మేమే ఎక్కువ వాడతామన్న మాటలో కొంత నిజముంది. నా బోటుకి మెయింటెనెన్స్ కావాలని ఇంత ఉపన్యాసమిచ్చి కాలువకి మాత్రం డబ్బివ్వనంటే అది న్యాయం కాదు. నా జీతానికి అది పెద్ద బరువూ కాదు. కానీ నా పక్కన బోట్లలో నర్సులున్నారు, పెన్షనుదారులున్నారు. వాళ్ళు సరదాకి రాలేదు, వేరే గతి లేక వచ్చారు. కాలువ గట్టు మీద పొద్దున్నే పరిగెత్తేవాళ్ళు, సైకిళ్ళ వాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, కాలువ ఫేసింగ్ అని ఫ్లాటు ఎక్కువకి అమ్ముకునే బిల్డర్లు – కాలువ వీళ్ళందరిదీ. గట్టు తెగితే మునిగేది మా బోట్లొక్కటే కాదు, కింద ఊళ్ళు కూడా. అలాంటిదాని ఖర్చుని గ్రాంటులో కోసి, అందరికంటే తేలిగ్గా దొరికేవాళ్ళ దగ్గర వసూలు చెయ్యడం నాకు "చూద్దాంలే" లాగే అనిపిస్తుంది. కాకపోతే ప్రభుత్వం స్థాయిలో.

ఈ కాలువలు ఇవాళ ఉన్నాయంటే ఒక ఇంజినీరు పుణ్యం కూడా ఉంది. ఎల్.టి.సి. రోల్ట్ అని, క్రెస్సీ అనే చెక్క పడవలో కాపురం పెట్టాడు. ఆ అనుభవంతో 1944లో 'నేరో బోట్' పుస్తకం రాశాడు. 1946లో కాలువల రక్షణ కోసం సంఘం పెట్టినవాళ్ళలో ఆయనొకడు. ఆ తర్వాత వాలంటీర్లు బురదలో దిగి, దశాబ్దాల పాటు పూడికలు తీసి, మూతబడిన కాలువల్ని ఒక్కొక్కటే తెరిపించారు. కెనెట్ అండ్ ఏవన్ కాలువ అలాగే 1990లో మళ్ళీ తెరుచుకుంది. వాళ్ళెవరూ ఎక్సెల్ షీటు వేసుకుని దిగి ఉండరు.

షీటు తెచ్చిన కుర్రాణ్ణి నిరుత్సాహపెట్టడం నా ఉద్దేశం కాదు. పొద్దున్నే కిటికీ పక్కనుంచి బాతులు వెళ్తుంటే కాఫీ తాగడం, గంటకి నాలుగు మైళ్ళ వేగంతో నడిచేవాళ్ళు మనల్ని దాటిపోతుంటే నవ్వుకోవడం – ఇవి నాకు ఏ ఫ్లాటులోనూ దొరకలేదు. కాబట్టి వాడికి ఒకటే చెప్పా. వచ్చే శనివారం నా బోటుకి బ్లాకింగ్ ఉంది, పాత బట్టలేసుకుని రా. పొద్దున్నుంచీ అడుగు గీకుదువుగాని, మధ్యాహ్నం పులిహోర నాది. సాయంత్రం చేతులు కడుక్కున్నాక కూడా కొనాలనిపిస్తే, అప్పుడు కూర్చుని షీటులో ఆ మూడో కాలమ్ ఇద్దరం కలిసి నింపుదాం.