అరుంధతి కోసం ఎనిమిది గంటలు

మన పెళ్ళిళ్ళలో పురోహితుడు గారు వధూవరులకు అరుంధతీ నక్షత్రం చూపిస్తారు కదా! ఇక్కడ అది ఎక్కువగా హోటలు సీలింగులోనే ఉంటుంది. కిందటేడు ఒక పెళ్ళిలో మా అమ్మాయి పైకి చూసి, "నాన్నా, అక్కడ ఫ్యానే ఉందిగా?" అంది. నవ్వేశాను గానీ, నిజం చెప్పొద్దూ, నేనూ ఎప్పుడూ చూడలేదు.

అందుకని ఈసారి మార్చి సెలవులకి డాలస్ నుంచి ఎనిమిది గంటలు కారులో పశ్చిమ టెక్సస్‌లోని ఫోర్ట్ డేవిస్ వెళ్ళాం. చాలా చిన్న ఊరు. దగ్గరి కొండ మీద మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ ఉంది. పేరు విని మా అబ్బాయి బర్గర్లనుకున్నాడు! 1926లో చనిపోయిన మెక్‌డొనాల్డ్ అనే బ్యాంకరు తన ఆస్తిలో చాలా భాగం దీనికోసం టెక్సస్ యూనివర్సిటీకి రాసిచ్చారు. 1939లో 82 అంగుళాల టెలిస్కోపుతో ప్రారంభమైంది. వారంలో కొన్ని రాత్రులు అక్కడ 'స్టార్ పార్టీ' పెట్టి మామూలు జనానికి ఆకాశం చూపిస్తారు. టెక్సస్సే కదా అని పల్చటి జాకెట్లతో వెళ్ళి గజగజ వణికాం.

గైడు ఆకుపచ్చ లేజరుతో బిగ్ డిప్పర్ చూపించాడు. మన సప్తర్షి మండలమే. గరిటె కాడలో చివరి నుంచి రెండో చుక్క వసిష్ఠుడు, పక్కనే మసగ్గా అరుంధతి. నాకంటే ముందు మా అమ్మాయే పట్టేసింది. టెలిస్కోపులో చూస్తే వసిష్ఠుడే రెండు చుక్కలు! పడమట కృత్తికలు కనిపిస్తే, "మా నాయనమ్మ వీటిని పిల్లలకోడి అనేది" అన్నాను. పిల్లలిద్దరూ చలి మరిచిపోయి కోడిపిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

మన క్లాసులో ఏటా నక్షత్రాల పేర్లు పది సార్లు రాయిస్తాం. పరీక్షయిన వారానికి మర్చిపోతారు. తప్పు వాళ్ళది కాదు. మనం డాబా మీద మంచాలు వేసుకుని నేర్చుకున్నాం. ఇక్కడి వీధి దీపాల్లో సప్తర్షులే అరకొరగా కనిపిస్తారు, ఇక అరుంధతి సంగతి చెప్పాలా? అందుకే ఒక ఏడాది పార్కులో పిక్నిక్ మానేసి అందరం అక్కడికి వెళ్దామంటాను. "అది సైన్సు, తెలుగు క్లాసెలా అవుతుంది?" అన్నారు ఒక మిత్రులు. పిల్లలకోడి అన్న మాట మా పిల్లలకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఆ కొండ మీదే దొరికింది. దూరం, ఖర్చు ఉన్న మాట నిజమే. కార్లు కలిసి పంచుకుంటే కొంత తగ్గుతుంది.

వచ్చే మార్చికి మూడు కుటుంబాలు సిద్ధం. అమావాస్యకు దగ్గరి శనివారం చూస్తున్నాం. టికెట్లు ముందే కొనాలి కనుక వచ్చేవాళ్ళు త్వరగా చెప్పండి. దుప్పట్లు మాత్రం మర్చిపోకండి!