పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదు

తెల్లవారుజామున నాలుగున్నర కాకముందే పల్లెల్లో తారురోడ్ల మీద అడుగుల చప్పుడు మొదలవుతుంది. పోలీసు కొలువు కోసం పరుగు సాధన చేసే యువకులు, యువతులు వీరు. వీరి పట్టుదలను మెచ్చుకోని వారుండరు. కాని కాలు నొప్పి పట్టి కూర్చున్ననాడు, పరీక్షలో ఐదు సెకన్లు తప్పిననాడు వీరికి దారి చెప్పేవారు మాత్రం ఊళ్లో కరవవుతున్నారు.

తెలంగాణలో 2018 తరువాత కానిస్టేబుల్ నియామకాల ప్రకటన మళ్లీ 2022లో గాని రాలేదు. ఆ ప్రకటన ప్రకారం యువకులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, యువతులు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఒకసారి తప్పితే మళ్లీ ఎన్నేళ్లకో, అప్పటికి వయసు దాటుతుందేమోనన్న బెంగ ఉండనే ఉంటుంది. అందుకే అంతవరకు పరుగు ఎరుగనివారు కూడా ప్రకటన రాగానే రోజుకు ఐదారు కిలోమీటర్లు పరుగెత్తుతారు. రెండు మూడు వారాలకే మోకాలి కింద ఎముక సలపడం మొదలవుతుంది. మందుల షాపులో నొప్పి బిళ్ల కొని మింగి, మర్నాడు మళ్లీ పరుగే. అసలు నష్టం జరిగేది ఇక్కడే.

గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముక గట్టిపడడానికి నెలలు కావాలి. బిళ్ల నొప్పిని కప్పుతుందే గాని ఎముకను బాగుచేయదు. సలుపు ఎముక పొడవునా ఉండి, విశ్రాంతితో తగ్గుతుంటే రెండు మూడు వారాలు పరుగు ఆపితే చాలావరకు సర్దుకుంటుంది. వేలితో నొక్కినప్పుడు ఒక్కచోటే పొడిచినట్లున్నా, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోయినా ఎముకకు సన్నని బీట పడిందేమోనని అనుమానించాలి. అటువంటప్పుడు నూనె మర్దనలు, నాటు కట్లు మాని డాక్టరుకు చూపించుకోవాలి. బీట పడితే ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు మానక తప్పదు.

అన్నాళ్లు ఆగితే చేసిన సాధనంతా వృథా అవుతుందని పిల్లల భయం. పది పదిహేను రోజుల విశ్రాంతితో పోయేది స్వల్పమే. డాక్టరు సరేనంటే, నొప్పి లేనంతవరకు ఇంట్లోని పాత సైకిలు తొక్కవచ్చు. సైకిలు మీద కాలికి నేల దెబ్బ తగలదు, ఊపిరి పట్టు సడలదు. అరగంట నడిచినా నొప్పి లేదనుకున్నాకే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా మళ్లీ మొదలుపెట్టాలి. వారానికి పదో వంతుకు మించి దూరం పెంచరాదు. తారురోడ్డు కంటే మట్టి బాట మేలు.

సెకన్లతో తప్పినవారిలో చాలామందికి లోపం కాళ్లలో లేదు, తొందరలో ఉంది. 1600 మీటర్లంటే 400 మీటర్ల మైదానం చుట్టూ నాలుగు చుట్లు. చుట్టుకు 1 నిమిషం 48 సెకన్లు చాలు. గుంపుతో పాటు మొదటి చుట్టును నిమిషంన్నర లోపే దూకుడుగా ముగించినవారు మూడో చుట్టులో చతికిలబడుతున్నారు. ఆడపిల్లల విషయంలో మరో సంగతి ఉంది. ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గకపోతే అది సోమరితనమని కసరడం అన్యాయం. రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్త పరీక్ష చేయించడం తల్లిదండ్రుల బాధ్యత.

వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో మూడో స్థానంలో నిలిచి కాంస్య పతకం తెచ్చింది. ప్రపంచ విజేతకే అన్ని రోజులూ ఒకటి కానప్పుడు పల్లెటూరి కుర్రవాడు ఐదు సెకన్లు తప్పడం తల వంచుకోవలసిన సంగతి కాదు. కాని ఊళ్లో జరిగేది వేరు. "ఏరా, మళ్లీ పోయిందా?" అని హోటలు దగ్గర నలుగురిలో అడిగే మాట కాలి నొప్పికంటే ఎక్కువ బాధిస్తుంది. ఆ మాటకు జడిసే కుంటుతూ పరుగెత్తేవారు ఎందరో!

గ్రామ పంచాయతీలు, పాఠశాలల యాజమాన్యాలు ఉదయం రెండు గంటలపాటు బడి మైదానం గేటు తెరిపిస్తే చీకట్లో లారీల మధ్య పరుగులు తప్పుతాయి. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఊళ్లో ఉంటే వారానికి రెండు రోజులు వచ్చి చూడమని అడగవచ్చు. వీటికి పెద్దగా ఖర్చు కూడా లేదు. ప్రకటన కోసం ఎదురుచూడకుండా ఇప్పటినుంచే మెల్లగా మొదలుపెట్టడం పిల్లల వంతు.

ఒక కారు పంట పోయిందని రైతు పొలాన్ని బీడు పెట్టడు. పిల్లల పరుగు విషయంలోనూ పెద్దలు ఆ ఓర్పే చూపాలి.