వార్డెన్ సంతకం అమ్మ మాటవుతుందా?

2009లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసిఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పివి టీకా వేయించాయి. వీరిలో ఎందరో హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ ప్రాజెక్టును ఆపేసింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 వార్డెన్లు సంతకం చేసినవేననీ, 1,948 వేలిముద్రలనీ 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తేల్చింది.

నేను టీకాకు వ్యతిరేకిని కాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎందరు స్త్రీలను మింగుతోందో తెలుసు. టీకా తర్వాత జరిగిన మరణాలకు అది కారణం కాకపోవచ్చని విచారణ సంఘం అన్న సంగతీ తెలుసు. అయినా అడుగుతాను. బిడ్డను హాస్టల్లో చేర్పించిన తల్లి, ఆ బిడ్డ ఒంటిని కూడా వార్డెన్‌కి రాసిచ్చినట్టేనా?

"మారుమూల గూడేల్లో తల్లిదండ్రుల్ని ఎక్కడ వెతుకుతాం?" అంటారు. సూది మందు మోసుకెళ్లగలిగిన వాళ్లు నాలుగు మాటలు మోసుకెళ్లలేరా? ఏం వేస్తున్నారో, ఎందుకో, తర్వాత జ్వరమొస్తే ఎవరి దగ్గరికెళ్లాలో ఆమె భాషలో చెప్పాలి. వద్దనే వీలుండాలి. అవి లేకుండా వేయించుకున్న వేలిముద్ర కూడా అంగీకారం కాదు. ఇక చెయ్యి చాచిన ఆ పిల్లనెవరడిగారు? పన్నెండేళ్ల పిల్లకి చెబితే అర్థం కాదా?

మనం డాక్టర్ని పది ప్రశ్నలడిగాకే మన పిల్లలకు సూది వేయనిస్తాం. గూడెంలోని తల్లికీ ఆ పది ప్రశ్నలుంటాయి.